పరుగుకు పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

విద్య నాలుగు గోడల నడుమ ముగిసేది కాదు. తరగతి గదిలో బుద్ధికి పదును ఏర్పడినట్లే మైదానంలో దేహానికీ, దేహం ద్వారా శీలానికీ పదును ఏర్పడుతుంది. ఈ సత్యాన్ని గ్రంథాలలో చదివినవారు అనేకులు. జీవితంలో ఆచరించి చూపిన ఉపాధ్యాయులు కొద్దిమంది. అట్టి కొద్దిమందిలో అగ్రగణ్యులు హైదరాబాదుకు చెందిన జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆసియా క్రీడలలో భారతదేశానికి రెండు పర్యాయాలు ఫుట్‌బాల్ స్వర్ణపతకాన్ని సాధించిపెట్టిన శిక్షకులుగా లోకం వారిని స్మరిస్తుంది. కాని ఆ కీర్తికి మూలం ఒక బడి ఆవరణలో ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

వారి జీవితకథను మన విద్యార్థులకు ప్రత్యేకంగా వినిపించడానికి ఒక కారణం ఉన్నది. అనంతపురం పీఠభూమి వానకు ముఖం వాచిన నేల. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. అదీ వేళకు పడితేనే. ఇక్కడి పల్లెపిల్లలకు నడక, పరుగు బాల్యంతోనే అలవడే విద్యలు. పాఠశాల క్రీడోత్సవాలలో మైలు పందెం అన్నా, నేటి లెక్కలో 1500 మీటర్ల పందెం అన్నా, ముందుకు వచ్చే బాలురకు కొదువ లేదు. కాని ఆ పందెం సాగే తీరును గమనించండి. మొదటి చుట్టులో అందరూ బాణాలవలె దూసుకుపోతారు. మూడవ చుట్టుకు వచ్చేసరికి సగం మంది డొక్క పట్టుకొని నిలిచిపోతారు. కాళ్ళలో బలం లేక కాదు. ఆ బలాన్ని ఎట్లా పెంచుకోవాలో, ఎట్లా పొదుపుగా వాడుకోవాలో చెప్పేవారు లేక. కట్ట లేని చెరువులో కురిసిన వాన వంటిది శిక్షణ లేని శక్తి. రహీం సాహెబ్ జీవితమంతా ఆ కట్ట వేసే పనిలోనే గడచిపోయింది.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన జన్మించారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించడానికి నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున, అనంతరం నగరంలో ప్రసిద్ధి గాంచిన కమర్ క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వారు పనిచేసిన విద్యాలయాలు. ఆట తమకు వచ్చు గనుక ఇతరులకు నేర్పగలమని వారు తలచలేదు. నేర్పే శాస్త్రాన్ని వేరుగా అభ్యసించాలని గుర్తించి వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఆ తరువాత పాఠశాలలలో క్రీడల బాధ్యతను చేపట్టారు. దేశపు జట్టుకు శిక్షకులైన నాటికి వారు వ్యాయామాన్ని పాఠంగా చెప్పడంలో ఆరితేరినవారు.

రహీం శిక్షణలోని ముఖ్యసూత్రం ఇక్కడ గ్రహించదగినది. ఆనాడు మన దేశంలో ఫుట్‌బాల్ అంటే బంతిని కాలికి అంటిపెట్టుకొని ఎదుటివారిని తప్పించుకుంటూ పోయే ఒంటరి విన్యాసం. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది దానికే. ఒకడు విన్యాసం చేస్తుండగా తక్కిన పదిమందీ నిలబడి చూస్తుండేవారు. రహీం సాహెబ్ ఈ అలవాటును తొలగించడానికి డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలను బాలురకు ఏర్పాటు చేశారు. బంతి వచ్చిన వెంటనే దానిని సహచరునికి అందించి తీరవలసిందే. ఫలితం ఏమిటి? బంతిని అందుకోవడానికి ప్రతి ఒక్కరూ ఖాళీ స్థలాన్ని వెదకి నిరంతరం పరుగెత్తక తప్పలేదు. అట్లే అలవాటు లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను కూడ నడిపారు. కుడికాలితో ఆడేవాడు ఎడమకాలికి, ఎడమకాలితో ఆడేవాడు కుడికాలికి చదువు చెప్పుకోవలసి వచ్చింది. ఈ విధంగా చప్పట్లు మ్రోగని పరుగుకు, బంతి లేనివాని పరుగుకు, గౌరవం కల్పించిన గురువు రహీం.

ఈ శిక్షణ ఫలించిన తొలి వేదిక హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లో ఆ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలుచుకున్నది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు కైవసం చేసుకున్నది. కలకత్తా జట్లదే రాజ్యమనుకుంటున్న కాలంలో దక్కను పీఠభూమి కుర్రవాళ్ళు సాధించిన విజయాలివి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారత జట్టుకు రహీం శిక్షకులు. అంతిమ పోటీలో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం పొందింది.

అయితే మరుసటి ఏడాదే గర్వభంగం జరిగింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 1-10 తేడాతో ఓడిపోయింది. మనవారిలో పలువురు చలిలో, తడి గడ్డిపై వట్టి కాళ్ళతోనే ఆడారు. పైగా మన దేశపు పోటీలలో ఆట 70 నిమిషాలకే ముగిసేది. అంతర్జాతీయ పోటీ 90 నిమిషాలు. ఆ మిగిలిన 20 నిమిషాలకు మన ఊపిరితిత్తులు అలవాటు పడి ఉండలేదు.

అదే హెల్సింకీలో పరుగు చరిత్రలో ఒక మహాధ్యాయం లిఖింపబడిందని విద్యార్థులు తెలుసుకోవాలి. ప్రారంభోత్సవాన క్రీడాజ్యోతిని వెలిగించినవాడు ఫిన్లండుకు చెందిన పావో నుర్మీ. గడియారం చేతబట్టుకొని ప్రతి చుట్టు వేగాన్నీ లెక్కగట్టుకుంటూ పరుగెత్తిన ఆయన 1923లో మైలును 4 నిమిషాల 10.4 సెకన్లలో ముగించాడు. ఆ క్రీడలలోనే చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోను స్వర్ణపతకాలు గెలిచాడు. అతని రహస్యం సరళమైనది. ఒక చుట్టు వేగంగా పరుగెత్తడం, కొంత దూరం మెల్లగా పరుగెత్తి ఊపిరి కూడదీసుకోవడం, మళ్ళీ ఒక చుట్టు వేగంగా పరుగెత్తడం. ఇట్లా పదులకొద్దీ పర్యాయాలు, దినదినమూ. రెండేళ్ళ తరువాత, 1954 మే 6న, ఆక్స్‌ఫర్డులో రోజర్ బానిస్టర్ అనే వైద్యవిద్యార్థి మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తిచేసి, 4 నిమిషాల హద్దును దాటిన మొదటి మానవుడైనాడు. అతడు కూడ మైలును నాలుగు చుట్లుగా విభజించి, ఒక్కొక్క చుట్టునూ వేరువేరుగా సాధన చేసినవాడే.

పని చిన్న చిన్న భాగాలుగా చేసుకోవాలి, ప్రతి భాగాన్నీ నిత్యం అభ్యసించాలి, ఫలితం కోసం తొందరపడరాదు. పరుగువీరులు ఏకాంతంలో పాటించిన ఈ ధర్మాన్నే రహీం సాహెబ్ పదకొండు మంది జట్టుకు అన్వయించారు. హెల్సింకీ తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినాయి. వేగంగా బంతిని అందించడం, అలుపు లేకుండా ఆట చివరివరకు పరుగెత్తడం వారి శిక్షణకు రెండు కళ్ళు.

శిక్షణ అంటే ఆజ్ఞాపించడమే కాదు, ఆదుకోవడం కూడ. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆటను చూసి రహీం ముగ్ధులయ్యారు. కాని ఆ బాలునికి అంత దూరం నుండి దినమూ సాధనకు వచ్చే స్తోమత లేదు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని రహీం సాహెబ్ అతనికి రోజుకు ఒక రూపాయి ఇచ్చేవారు. ఆ కాలపు బడిపంతులు జేబులో రూపాయి విలువ ఎంతటిదో మన పెద్దలకు తెలుసు. ఆ రూపాయి లేకపోతే బలరామ్ అమ్ముగూడ వీధులలోనే ఉండిపోయి ఉండునేమో. ఆ రూపాయి వల్ల దేశానికి ఒక మహా ఆటగాడు లభించాడు. మన పల్లెలలో ఎందరు బలరామ్‌లు ఒక్క రూపాయి కోసం ఎదురుచూస్తూ మైదానానికి దూరమవుతున్నారో ఆలోచించవలసిన విషయం.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన నెలకే, 1956 డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తోను, కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలో 0-3తోను ఓడిపోయినా మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించిన స్థానాన్ని ఏనాడూ పొందలేదు. నూర్ మొహమ్మద్, అజీజ్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మున్నగు హైదరాబాదు ఆటగాళ్ళు పలువురు ఆ జట్టులో ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో విజయం లభించలేదు. అయినా మేటి జట్టయిన హంగరీ చేతిలో 1-2 తేడాతో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1తో సరిసమానంగా నిలవడం హెల్సింకీ పరాభవం నుండి ఎంత దూరం నడచి వచ్చామో చాటిచెప్పింది. ఆ జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఒక సభ్యుడు. కాని ఒక్క పోటీలోను అతనికి మైదానంలో దిగే అవకాశం రాలేదు. గురుపీఠంపై కూర్చున్నవాడు కన్నకొడుకునూ పరాయి బిడ్డనూ ఒకే త్రాసులో తూచాలని చెప్పడం తేలిక, ఆచరించడం కష్టం.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి మహాఘట్టం. అప్పటికే వారి దేహాన్ని క్యాన్సర్ వ్యాధి తొలుస్తున్నది. ధూమపానం వారికి చిరకాలపు అలవాటు. శిష్యుల ఊపిరిని అంత శ్రద్ధగా పెంచిన గురువు తమ ఊపిరితిత్తులను కాపాడుకోలేకపోవడం విధి వైపరీత్యం. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 0-2తో ఓడింది. తరువాత థాయిలాండును 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచింది. థాయిలాండుతో ఆడినప్పుడు రక్షణ శ్రేణిలోని జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినాయి. తలకు కట్టుతో ఉన్న ఆ వీరుని రహీం దాడి శ్రేణికి మార్చి ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో విజయం లభించింది.

సెప్టెంబరు 4న అంతిమ పోటీ. ఎదుట అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించడాన్ని భారతీయ ప్రతినిధి ఒకరు విమర్శించినందువల్ల జకార్తా ప్రజలు మనపై ఆగ్రహించి ఉన్నారు. క్రిక్కిరిసిన ఆ స్టేడియంలో మన జట్టుకు లభించినవి ఎగతాళి కేకలు మాత్రమే. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ ఒక గోల్, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ మరొక గోల్ చేశారు. ఆట ముగియనున్న వేళ కొరియా ఒక గోల్ చేసినా, 2-1తో స్వర్ణపతకం మనదైనది. చప్పట్లు లేని పరుగును బాల్యం నుండి నేర్పిన గురువుకు, చప్పట్లు లేని మైదానంలో శిష్యులు సమర్పించిన గురుదక్షిణ అది.

పది నెలలైనా గడవలేదు. 1963 జూన్ 11న, 53 ఏళ్ళ ప్రాయంలో, రహీం సాహెబ్ కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణపతకం మళ్ళీ లభించలేదు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో నెలకొల్పింది. అప్పటికి వారు గతించి 22 ఏళ్ళు. 2024లో వారి జీవితం ఆధారంగా ఒక హిందీ చలనచిత్రం వచ్చిన తరువాతనే నేటి తరానికి వారి పేరు కొంత పరిచయమైంది.

విద్యార్థి మిత్రులారా! పాఠశాల జట్టులోనో, కళాశాల జట్టులోనో మైలు పరుగును ఇంకా వేగంగా ముగించాలని మీలో ఎవరైనా సంకల్పించి ఉంటే, ఈ జీవితం నుండి గ్రహించవలసింది స్పష్టంగా ఉన్నది. ఎండ ముదరకముందే, వేకువనే మైదానానికి చేరండి. మొదటి వారాలలో వేగాన్ని గూర్చి తలపెట్టక, అలుపు తెలియకుండా మెల్లగా ఎక్కువ దూరం పరుగెత్తడం అలవరచుకోండి. పిదప మైలును నాలుగు భాగాలుగా విడదీసి, నడుమ నడుమ ఊపిరి తీసుకుంటూ ఒక్కొక్క భాగాన్ని సమవేగంతో సాధన చేయండి. గడియారాన్ని మిత్రునిగా చేసుకోండి. ముఖ్యంగా మూడవ చుట్టును మరువకండి. మొదటి చుట్టుకు ఉత్సాహం తోడుంటుంది. నాలుగవ చుట్టుకు గమ్యం తోడుంటుంది. మూడవ చుట్టుకు మన సాధన తప్ప వేరే తోడు లేదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక మనవి. మైదానం చదును చేయించడం, ఒక శిక్షకుని నియమించడం, దూరపు పల్లె నుండి వచ్చే విద్యార్థికి బస్సు చార్జీ సమకూర్చడం పెద్ద ఖర్చులు కావు. అవి రహీం సాహెబ్ ఇచ్చిన రూపాయి వంటివి. వాన మన చేతిలో లేదు. కట్ట మాత్రం మన చేతిలోనే ఉన్నది.