రహీం సాబ్ జట్టులో చోటు ఎవరికి?

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ తనకంటూ ఒక భాషను తయారుచేసుకుంది. ఆ భాషలో అత్యంత పవిత్రమైన మాట ‘టీమ్’. ఉద్యోగులను హోటళ్ల సమావేశ మందిరాల్లో కూర్చోబెట్టి, గెలిచే జట్టుకు ఉండవలసిన మనస్తత్వం గురించి శిక్షకులు బోధిస్తుంటారు. ఉదాహరణలన్నీ దాదాపుగా క్రికెట్ కెప్టెన్లవి, కాదంటే యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల మేనేజర్లవి. ఈ నగరంలోనే పుట్టి, ఇక్కడి బడుల్లోనే పాఠాలు చెప్పి, దేశానికి ఫుట్‌బాల్‌లో రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు అక్కడ వినిపించడం అరుదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు కొన్నాళ్లు ఆయనను తలచుకున్నారు, అంతే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, మరణించేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. పంతులు గనుక ఆటను కూడా పాఠంలాగే విడగొట్టి నేర్పారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని ఒంటరిగా నడిపించుకుపోవడం నిషేధించిన పోటీలూ నిర్వహించేవారు. బంతి తన దగ్గర ఉంచుకోవడం కుదరనివాడు పక్కవాడు ఎక్కడున్నాడో చూడక తప్పదు. జట్టు స్ఫూర్తి మీద ఉపన్యాసం అవసరం లేకుండానే ఆట నియమమే దాన్ని నేర్పింది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షకుడయ్యారు. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగి అప్పటికి రెండేళ్లు. హైదరాబాద్ ముస్లింలను దేశం అనుమానంతో చూస్తున్న రోజులవి. అటువంటి సమయంలో ఒక ముస్లిం బడిపంతులు తయారుచేసిన జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కాలంలోనే డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు ఈ నగరానికి వచ్చింది. ముస్లింలు, క్రైస్తవులు, తమిళం మాట్లాడే కంటోన్మెంటు కుర్రాళ్లు, తెలుగువాళ్లు కలిసి ఆ నాటి హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను నిర్మించారు. పోలీసు జట్టులో చోటంటే పోలీసు శాఖలో ఉద్యోగం కూడా. క్రీడాకారుడికి నెల జీతం వచ్చేది, ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ జట్టు సాధించిన విజయాల గురించి రాసేవారు రహీం వ్యూహాలను మెచ్చుకుంటారు, ఆ జీతం సంగతి మాత్రం దాటవేస్తారు. నా దృష్టిలో వ్యూహం కంటే ముందు లెక్కించవలసింది ఆ జీతమే.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. చలిదేశపు మైదానంలో మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అయితే నియమం పెట్టినంత సులభంగా బూట్లు అందరికీ అందవు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ ఇందుకు సాక్ష్యం. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే ఒక మనిషి చేత ఆట బూట్లుగా మార్పించుకున్నాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో బలరాం పేరు నిలిచింది, ఆ బూట్లు కుట్టిన చేతుల పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మన చరిత్ర రచన స్వభావమే అది.

బలరాంను ఒక పోటీలో చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి వచ్చే స్తోమత తనకు లేదని కుర్రాడు చెప్పాడు. రహీం అతని పట్టుదలను శంకించలేదు, సైకిల్‌కు ఏర్పాటు చేశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆ కుర్రాడున్నాడు. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించిన జట్టుకూ రహీమే శిక్షకుడు.

‘ప్రతిభ’ అనే మాట మీద మన కారిడార్‌లో జరిగే వాదనను ఇక్కడ గుర్తుచేయాలి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన అర్హతలు ఉన్న ఉద్యోగ దరఖాస్తులను పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయి. అంటే ఆటగాడు మైదానంలో అడుగు పెట్టకముందే జట్టు ఎంపిక జరిగిపోతోంది. రాజ్యాంగం 16వ అధికరణం కల్పించిన రక్షణ ప్రభుత్వ ఉద్యోగాల గేటు దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ లోపల ‘మనమంతా ఒకే టీమ్’ అని బోధిస్తున్న గదిని ఊడ్చే మనిషి, బయట కాపలా కాసే మనిషి కాంట్రాక్టు సంస్థ జీతగాళ్లు. ఆ టీమ్ లెక్కలో వారు లేరు. ఇదే ప్రాంతంలో గచ్చిబౌలి స్టేడియానికి లోక్‌సభ తొలి దళిత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు ఉంది. పేరు పెట్టడం వరకు మన సమాజానికి పెద్ద ఇబ్బంది ఉండదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించడంతో ఇండోనేషియా ప్రజలు మన జట్టు మీద ఆగ్రహంతో ఉన్నారు. థాయ్‌లాండ్‌తో ఆడుతూ తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం పక్కన పెట్టలేదు, సెమీఫైనల్లో ముందు వరుసకు మార్చారు. దేశ విభజన కల్లోలంలో సరిహద్దు దాటి వచ్చిన మనిషి జర్నైల్. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. మధ్యలో జ్వరంతో ఆటకు దూరమైన హైదరాబాదీ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి తెచ్చారు. సెప్టెంబరు 4న, లక్ష మంది ప్రేక్షకుల ఎగతాళి కేకల మధ్య, అదే దక్షిణ కొరియాను భారత్ 2-1తో ఓడించింది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్ చేశారు. స్టేడియంలో మనకు మద్దతుగా అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది.

ఆ ఫైనల్ ఆడిన పదకొండుగురిలో బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఈ జంటనగరాల వారు. తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత మరో స్వర్ణం రాలేదు.