కీర్తనల వెనుక ఓ ఇల్లాలు

మా శ్రీకూర్మంలో కూర్మారావులకీ, కూర్మమ్మలకీ కొదవలేదు. స్వామి పేరు పిల్లలకి పెట్టుకోవడం ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ ఆనవాయితీ. అందుకే, తెలుగు క్రైస్తవ కీర్తనలకి పేరుపడ్డ పురుషోత్తమ చౌదరి గారి తండ్రి పేరు కూర్మనాథ చౌదరి అని తెలిసినప్పుడు, ఈయన మనవాడే సుమా అనిపించింది నాకు.

చౌదరిగారు 1803లో అప్పటి గంజాం జిల్లా తర్లాకోట దగ్గర మదనపురంలో పుట్టారు. తల్లి సుభద్రాదేవి. బ్రాహ్మణ కుటుంబం. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాదు. పట్టుబట్టి నేర్చుకుని, ఛందస్సు సాధించి, ముందు మన దేవుళ్ళ మీదే పద్యాలు అల్లారు. అయినా మనసుకి నెమ్మది చిక్కలేదు.

విశాఖపట్నానికి మిషనరీలు 1805లోనే వచ్చారు. 1818 నాటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది. అలా అచ్చయిన ఓ చిన్న క్రైస్తవ పుస్తకం ఆయన చేతిలో పడింది. చదివి, మథనపడి, చివరికి 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు.

నా మనసు మాత్రం ఆయన భార్య రాధామణిగారి దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజుల్లో వెలి అంటే మాటలా! భర్త వెంట వెళితే పుట్టింటి గడప మళ్ళీ తొక్కడానికుండదు. వెళ్ళకపోతే పసుపుకుంకాలుండీ లేనట్టే బతకాలి. మతం మారాలన్న నిర్ణయం ఆయనది. దాని బరువు మాత్రం ఇద్దరి మీదా పడింది. కొంతకాలం ఎడబాటు తరవాత ఆవిడ ఆయన్ని చేరుకున్నారు.

చౌదరిగారు మతం మార్చుకున్నారు గానీ, నేర్చుకున్న తెలుగుని వదులుకోలేదు. ఇంగ్లీషు వరసల్ని అరువు తెచ్చుకోకుండా, మనకి అలవాటైన రాగతాళాల్లో, పల్లవీ చరణాలతో కీర్తనలు కట్టారు. అవి నూట ముప్ఫైకి పైనే. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట పైన రాగం, తాళం కూడా వేసి ఉంటాయి. కులభేదాల్ని ప్రశ్నిస్తూ ‘కులాచార పరీక్ష’ కూడా రాశారు. 1890లో కన్నుమూశారు.

అక్షరం రాని ఆడవాళ్ళకి పుస్తకం అందదు, పాట అందుతుంది. వాక్యం చదవలేని అమ్మలు కూడా ఈ కీర్తనలు చెవిన పట్టి, రోకటి దగ్గరా ఉయ్యాల దగ్గరా పాడుకోగలిగారు. ఇంటి ప్రార్థనల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ, చావు ఇళ్ళలోనూ ఇవాళ్టికీ అవే ఆదరువు.

ఆ కీర్తనలకి ఆయన పేరుంది. ఉండాల్సిందే. కానీ ఆ పాటల్లోని శరణాగతికి ఇల్లూ వాకిలీ అయినవాళ్ళూ మూల్యం అయినప్పుడు, ఆ మూల్యంలో సగం చెల్లించిన రాధామణిగారిని కూడా ఓసారి తలుచుకోవద్దూ?