లెక్కల మహానుభావుడు మహలనోబిస్

ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించారు. అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, పై చదువులకు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జికి వెళ్ళారు. అక్కడ మన పక్కనున్న మద్రాసు నుంచి వచ్చిన రామానుజన్ గారితో స్నేహం కలిసింది. రామానుజన్ గారు చలికి వణుకుతూ దుప్పట్ల పైనే పడుకునేవారంట. వాటి లోపల దూరి పడుకోవాలని చూపించింది మహలనోబిస్ గారే.

తిరిగి వచ్చి కాలేజీలో ఫిజిక్సు చెప్పారు. కానీ మనసంతా స్టాటిస్టిక్సు మీదకు పోయింది. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన సి.ఆర్.రావు గారు 1941లో అక్కడికే వెళ్ళి చేరారు.

బెంగాలులో గోనెసంచులకు వాడే జనుము పంట ఎంత వేశారో తెలియాలి. అన్ని చేలూ తిరగాలంటే డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూస్తాం గదా! అట్లాగే 1937 నుంచి కొన్ని చేలను చీటీ తీసినట్లు ఎంచి కొలిపించారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను వేరువేరుగా పంపేవారు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తేనే నమ్మకం.

అయితే ఊర్లన్నీ మెతుకుల్లాగా ఒకే సైజులో ఉండవు. నాలుగు ఊర్లు ఉన్నాయి అనుకుందాం. ఇళ్ళు 500, 300, 180, 20. మొత్తం 1000. పెద్ద ఊరికి 1 నుంచి 500 వరకు, రెండో దానికి 501 నుంచి 800 వరకు, మూడో దానికి 801 నుంచి 980 వరకు, చిన్న దానికి 981 నుంచి 1000 వరకు నంబర్లు ఇస్తారు. చూడకుండా ఒక నంబరు తీస్తే అది ఎవరిదైతే ఆ ఊరికి పోతారు. ఈ పద్ధతిని మహలనోబిస్ గారు 1938లోనే చెప్పారు. 1951లో అదే సంస్థలోని లాహిరి గారు, నంబర్లు కూడే పని లేకుండా ఇంకో సులువు కనిపెట్టారు. ఇప్పుడు కంప్యూటరు ఒక్క క్షణంలో తీసేస్తుంది.

నాకు ఇక్కడ ఒక సందేహం వచ్చింది. మా యానాదుల కాలనీల్లాంటి 20 ఇళ్ళ చోటు ఎప్పుడు ఎత్తుబడుతుంది? నూటికి రెండు సార్లే గదా! కానీ లెక్క న్యాయంగానే ఉంది. పెద్ద ఊరిలో దొరికిన దాన్ని 2తో గుణిస్తే, చిన్న చోట దొరికిన దాన్ని 50తో గుణిస్తారు. తక్కువసార్లు పిలిచినా, పిలిచినప్పుడు మాట బరువుగా ఉంటుంది. ఒక్కటే షరతు. ముందు జాబితాలో ఊరి పేరు ఉండాలి. పేరే రాయకపోతే అవకాశం సున్నా. సున్నాను ఎంతతో గుణించినా సున్నానే.

1950లో దేశమంతటికీ నేషనల్ శాంపుల్ సర్వే మొదలైంది వీరి వల్లనే. రెండవ పంచవర్ష ప్రణాళికకు కూడా వీరే రూపం ఇచ్చారు. 1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న పరమపదించారు. వీరి పుట్టినరోజును 2007 నుంచి గణాంక దినంగా జరుపుతున్నారు.

కావున అక్కలారా, చెల్లెళ్ళారా, సర్వే వాళ్ళు వస్తే దాక్కోవద్దు. ముందుగా మన కాలనీ పేరు వాళ్ళ కాగితంలో ఉందో లేదో అడగండి.