భద్రాద్రి నిర్మాత కంచర్ల గోపన్న

ఖమ్మము నుండి భద్రాచలము పోవు దారిలో పొలములు క్రమముగా తగ్గి అడవులు చిక్కబడును. ఆ అడవులు దాటి, గోదావరి ఆవలి యొడ్డున నున్న చిన్న గుట్టయే భద్రగిరి. ఆ గుట్టను దేశప్రసిద్ధ క్షేత్రముగా తీర్చిన కంచర్ల గోపన్నను లోకము భక్త రామదాసుగా ఎరుగును. ఆయన కథలో భక్తితో పాటు మరియొక విషయము కలదు. పదుగురికి చెందిన స్థలమును బాగుచేయుటకు పదుగురి ధనమును ఎవరి యనుమతితో వెచ్చింపవలెను?

గోపన్న 17వ శతాబ్దమున, నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లిలో జన్మించెను. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా తానీషా, గోలకొండ నేలిన కాలమున (1672–1687) రాజ్యభారమును వహించిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రసిద్ధి. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. శిస్తు వసూలుచేసి గోలకొండకు పంపుట ఆ యుద్యోగధర్మము.

అప్పటికి భద్రగిరిపై గొప్ప యాలయము లేదు. పోకల దమ్మక్క యను భక్తురాలు పుట్టలో నున్న విగ్రహములను కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యము పెట్టుచుండెనని స్థలపురాణము. ఆ పందిరి చోట రాతిగుడి కట్టవలెనని గోపన్న సంకల్పించెను. చుట్టుపట్ల గ్రామస్థులు శక్తికొలది చందాలిచ్చిరి, అవి చాలలేదు. శిస్తు సొమ్ముతో పని సాగింపుమనియు, పంటలు చేతికి రాగానే తాము తీర్తుమనియు వారే కోరిరని జనశ్రుతి. గోపన్న సమ్మతించెను. గర్భాలయము, ప్రాకారము, మండపము వెలసెను. దేవునికి నగలు సిద్ధమయ్యెను. గోలకొండ యనుమతి మాత్రము ఆయన పొందలేదు.

వెచ్చించిన ధనము ఆరు లక్షల వరహాలని చెప్పుదురు. దర్బారు దృష్టిలో అది రాజద్రవ్యాపహరణము. ఊరివారి దృష్టిలో అది తమ చెమట తమ గుడికే చేరుట. మంత్రులకు ఈ తగవు కత్తిమీది సామైనది. మేనల్లుని కాపాడిన పక్షపాతమందురు, విడిచిన బంధుద్రోహమందురు. తుదకు గోపన్న గోలకొండ కోటలో బందీ యయ్యెను. ఆ చెర పన్నెండేండ్లు సాగినదని ప్రతీతి. మాట యిచ్చినవారు ఊళ్లలో నుండిరి. చెరకు పోయినవాడు గోపన్న యొక్కడే.

ఆయన కీర్తనలలో మొర కలదు, నిష్ఠూరము కలదు, ఎత్తిపొడుపును కలదు. ఒక ప్రసిద్ధ కీర్తనలో ప్రాకారమునకు, సీతమ్మ చింతాకు పతకమునకు, లక్ష్మణుని ముత్యాల పతకమునకు ఎంతెంత యైనదో వరుసగా రామునికే విన్నవించెను. గోలకొండ యడిగిన లెక్కను దేవునికి ఒప్పజెప్పిన తహసీలుదారు ఆయన! తనకై కాసైన వాడుకొనలేదన్న ధైర్యమే ఆ లెక్కకు ప్రాణము. కాని చేతుల శుభ్రత వేరు, అధికారపు అనుమతి వేరు. ఆ రెంటి నడుమనే ఆయన నలిగిపోయెను.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి పైకము చెల్లించిరనియు, తానీషా విస్మయమంది గోపన్నను విడిపించెననియు కథ. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు పంపు సంప్రదాయము తానీషాతోనే ఆరంభమైనదని చెప్పుదురు. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. రాజ్యము పోయినది, గుడి నిలిచినది.

2025లో ఆ యాలయపు మాడవీధుల విస్తరణకై పరిసరముల ఇండ్లను, స్థలములను ప్రభుత్వము సేకరింప బూనెను. క్షేత్రము విశాలము కావలెనని భక్తులు కోరుట సహజము. తరతరముల ఇల్లు విడుచువారికి తగిన పరిహారము, నీడ ముందుగా కావలెననుటయు అంతే సహజము. ఊరుమ్మడి స్థలమును తీర్చిదిద్దుటకు సంకల్పశుద్ధి యొక్కటే చాలదు. భార మెవ్వరు మోయుదురో, మాట కెవ్వరు పూచీయో పునాది త్రవ్వక మునుపే తేలవలెను. పన్నెండేండ్ల చెరతో గోపన్న తెలుగువారికి మిగిల్చిన పాఠ మిదియే.