నాలుగు దయ్యములతో పోరాడిన బిషప్ అజరయ్య గారు

శతాబ్ది సంచికలో పూర్వపు దైవజనులను జ్ఞాపకము చేసికొనుట మన సంఘములలోని మంచి వాడుక. మాకును ఒక వ్యాసము వ్రాయుమని చెప్పినప్పుడు, బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితమును ఎన్నుకొంటిమి. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్ వారేనని మన సండేస్కూలు పిల్లలకు సహితము తెలియును. డోర్నకల్‌లో వారు కట్టించిన దేవాలయమును చూచి వచ్చినవారు మనలో అనేకులు. అయితే తమ సంఘస్థులను త్రాగుడునుండి విడిపించుటకు ఆయన ఎంత పాటుపడిరో మనము చెప్పుకొనుట తక్కువ. తూంకుంటలో మన కుటుంబముల సుఖదుఃఖములు చూచుచున్న మాకు, వారి జీవితములో ఆ భాగమే నేడు ఎక్కువ అవసరమని తోచినది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి పాదిరి. తల్లి పేరు ఎలెన్. వారిది నాడార్ కులము. ఆ ప్రాంతమంతయు తాటిచెట్ల సీమ. ఆ కులములో అనేకులకు తాటిచెట్టు ఎక్కుటయే జీవనాధారము. కుండ లోపల సున్నము పూసి కట్టినయెడల చెట్టునుండి కారు నీరు పులియక తియ్యగా నుండును. దానిని కాచి బెల్లము చేయుదురు. సున్నము లేని కుండలో అదే నీరు పులిసి కల్లగును. ఒకే చెట్టు ఒక ఇంటికి బెల్లమును, మరియొక ఇంటికి మత్తును ఇచ్చు సీమలో ఆయన పెరిగిరి. తప్పు చెట్టుది కాదు, చెట్టు ఎక్కి పొట్ట పోసికొనువానిది కాదు అని అట్టి ఊరివారికి ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.

చిన్నతనమందే తండ్రి గతించగా తల్లి పెంపకములో చదువుకొనిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టము పొందకయే వెడలిరి. 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని కట్నము పుచ్చుకొనక నిరాడంబరముగా వివాహమాడిరి. పెండ్లి అప్పులు కుటుంబములను ఎట్లు ముంచునో తరువాత పల్లెలలో బోధించిన ఆయన, ఆ బోధను ముందుగా తమ ఇంటనే ఆచరించి చూపిరి.

మన దేశపు మనుష్యులతో, మన దేశపు కానుకలతో సువార్త పని జరుగవలెనని ఆయన ఆశ. అందుకై 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముందు నిలిచిరి. తిరునెల్వేలి సొసైటీ ఎన్నుకొన్న పొలము నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. 1909లో అజరయ్య గారు గురుపట్టము పొంది అచ్చటికి వచ్చిరి. తమిళులైనను తెలుగు నేర్చుకొని పల్లెలలో తెలుగులో బోధించిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్‌గా అభిషేకము పొందిరి. అప్పటికి వారి వయస్సు 38 ఏండ్లు.

ఆ ఎద్దుల బండి ప్రయాణములలో బిషప్ గారు చూచిన పల్లెలు ఎట్టివి? సంఘములో చేరుచున్నవారు ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరికి వెలుపల గుడిసెలు, ఊరి బావి అంటరాదు. దొరకు వెట్టి, సాహుకారుకు అప్పు. పగలంతయు ఎండలో వంగి పనిచేసినవాడు సాయంకాలము కల్లు మండువకు పోవుట వాడుక. బిడ్డ పుట్టినను కల్లే, పెండ్లియైనను కల్లే, ఇంట చావైనను కల్లే. నిజాం ప్రభుత్వమునకు ఆబ్కారీ రాబడి మిక్కిలి ముఖ్యమైనది గనుక పేదవాని త్రాగుడును ఆపవలెనని చూచువారు తక్కువ. త్రాగినవానిని తిట్టుట సులభము. వాడు ఎందుకు త్రాగుచున్నాడో కనిపెట్టుట కష్టము.

అజరయ్య గారు ఆ కష్టమైన పనినే పట్టుకొనిరి. పల్లె ప్రజలను పీడించు దయ్యములు నాలుగు అని ఆయన బోధించిరి. అవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఈ నాలుగింటిని కలిపి చెప్పుటలోనే వారి జ్ఞానము కలదని మేము తలంచుచున్నాము. ఏలయనగా ఈ నాలుగును ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నడచును. మురికివలన రోగము. రోగమువలన పని పోయి అప్పు. అప్పు బాధ మరచుటకు త్రాగుడు. త్రాగుడువలన మరల అప్పు, మరల రోగము. ఒక్కదానిని వెళ్లగొట్టి మూడింటిని ఇంట ఉంచుకొనినయెడల, పోయినది తిరిగి వచ్చుటకు ఎంతో కాలము పట్టదు.

ఆకారణమున ఆయన ప్రసంగముతో మాత్రము ఊరుకొనలేదు. పల్లెపల్లెకు ఉపాధ్యాయుని పంపిరి. ఆ ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరములు నేర్పి, సాయంకాలము పెద్దలను ప్రార్థనకు కూర్చేవాడు. అనగా కల్లు మండువకు పోవు వేళకే ప్రార్థనగంట మ్రోగేది. రోగమునకు వైద్యశాలలు, అప్పునకు సహకార సంఘములు, చదువరులకు ముద్రణాలయములు ఏర్పడెను. 1935 నాటికి ఆ డయోసీసులో 250 మంది భారతీయ గురువులు, 2000 మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులు పనిచేయుచుండిరి. జాతరల వేళ ప్రజలు త్రాగుడుకు లోబడుదురని ఎరిగి, పాటలతో, డప్పుతో, ఊరేగింపులతో క్రైస్తవ పండుగలను పల్లెలలో ప్రోత్సహించిరి. సంతోషమును తీసివేసి ఉపవాసమును ఇచ్చుట కాదు, సంతోషమునకు వేరొక చోటు చూపుట ఆయన పద్ధతి.

బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై ఉంచుకొని, సువార్త చెప్పుట ఇకమీదట తమ విధియని అందరి యెదుట ఒప్పుకొనునట్లు ఆయన చేయించేవారు. నిన్నటివరకు ఊరంతయు నీచముగా చూచిన మనిషి, నేటినుండి ఇతరులకు ఒక మంచి మాట చెప్పవలసిన వాడాయెను. తనకు విలువ కలదని తెలిసినవాడు తన ఒంటిని, తన ఇంటిని కాపాడుకొనుటకు పూనుకొనును. త్రాగుడు మానుమని చెప్పుటకు ముందు మనుష్యునికి మానుటకొక కారణము ఇచ్చుట అనగా ఇదే.

దయ్యము విడిచిపోయిన ఇల్లు ఊడ్చి అలంకరింపబడి ఖాళీగా నుండుట చూచి, అది తనకంటె చెడ్డవైన మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చెనని ప్రభువు చెప్పిన ఉపమానము మనమందరము వినియున్నాము. అజరయ్య గారి పనియంతయు ఆ ఖాళీ ఇంటిని నింపుటయే.

ఆయన సంఘస్థులందరు త్రాగుడు మానిరని మేము చెప్పజాలము. మానినవారిలో మరల పడినవారును ఉండిరి. అయినను మాల, మాదిగ పల్లెలలో కలిగిన మార్పును కన్నులార చూచి, ఇతర కులములవారు సహితము క్రీస్తు వైపు తిరిగిరని బిషప్ గారు పలుచోట్ల సాక్ష్యమిచ్చిరి. వారి కాలములో ఆ ప్రాంతమున సంఘములో చేరినవారు సుమారు 2 లక్షల మంది. మతము మారుట విషయములో గాంధీ గారికిని అజరయ్య గారికిని 1930ల నాట గట్టి భేదము కలిగెను. త్రాగుడు పేదవాని శత్రువు అను విషయములో మాత్రము ఇద్దరిది ఒకే మాట. మన దేశపు శిల్పరీతులు కలిపి కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ దేవాలయమును 1939 జనవరి 6న ప్రతిష్ఠించిరి. 1945 జనవరి 1న అజరయ్య గారు ప్రభువునందు నిద్రించిరి. వారు కలగనిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో నెరవేరెను.

వారి తరువాత మన తెలుగు దేశములో త్రాగుడు మీద పెద్ద పోరాటము స్త్రీలు చేసిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమమువలన 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రెండేండ్లకే, 1997లో, ఆ నిషేధము సడలిపోయెను. చట్టము దుకాణము తలుపు మూయగలదు. ఇంటిలోని ఖాళీని నింపజాలదు.

ఇక మన తూంకుంట సంగతి. మన పెద్దల కాలమున ఇది పొలముల ఊరు. నేడు రాజీవ్ రహదారి ప్రక్కన శామీర్‌పేట వరకు ఇండ్లు, కట్టడములు, కంపెనీలు పెరిగినవి. భూమి అమ్మిన డబ్బు కొన్ని ఇండ్లకు వచ్చినది, దినకూలి కొన్ని ఇండ్లకు మిగిలినది. త్రాగుడు మాత్రము రెండు ఇండ్లలోను కూర్చున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 ఏండ్లు దాటిన పురుషులలో నూటికి సుమారు 43 మంది త్రాగువారు. సంఘములో ఉన్నంతమాత్రమున మన ఇండ్లు ఈ లెక్కకు వెలుపల ఉన్నవని తలంచరాదు. కల్లు చెట్టుదే గనుక మేలని కొందరు అందురు. 2025 జులైలో మనకు దూరము కాని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి కొందరు ప్రాణములు పోగొట్టుకొనిరి. నిద్రమందులు కలిపిన కల్లునకు చెట్టుతో సంబంధము లేదు.

వైద్యులు ఇప్పుడు చెప్పునది స్పష్టము. మద్యము కాలేయమునే గాక గుండెను, నరములను పాడుచేయును, పలువిధములైన క్యాన్సరునకు కారణమగును. ఆరోగ్యమునకు హాని లేని మోతాదు అంటూ ఏదియు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. కాబట్టి మానుట అన్నిటికంటె మేలు. ఒక్కసారిగా మానలేనివాడు తగ్గించుకొనినను మేలే. దినమును వారముగా, సీసాను సగముగా దించుకొనుచున్నవానిని మనము ఇంకను త్రాగుబోతు అని పిలిచినయెడల, వాడు మరల ఎక్కువకే పోవును. మన సంఘములలో జరుగుచున్న తప్పు ఇదియేనని మేము తలంచుచున్నాము. పూర్తిగా మానినవారికే ముందు వరుస, తగ్గించుకొనుచున్నవారికి గుమ్మము బయట.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము బాగుగా త్రాగినవాడు, ప్రార్థన కూటములో తీర్మానము చేసికొని మరునాడే ఒక్కసారిగా మానినయెడల వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే అపాయము. అది విశ్వాసము తక్కువై వచ్చునది కాదు, శరీరము అలవాటుపడుటవలన వచ్చునది. అట్టివానిని మొదట వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. మత్తు విడువగోరువారికి 14446, మనోవ్యథకు 14416 నంబర్లలో ప్రభుత్వపు ఉచిత సలహా దొరకును.

అజరయ్య గారి మార్గమున సంఘముగా మనము చేయదగినవి కొన్ని కలవు. సాయంకాలము ఏడు గంటలకు, అనగా కాళ్లు దుకాణము వైపు లాగు వేళకే, ఇంటింటి ప్రార్థన పెట్టుకొందము. ఆ వేళకు టీ కాచి ఉంచు బాధ్యత స్త్రీల మైత్రి మీదనే వేయక పురుషులే తీసికొందురు గాక. పెండ్లిలోను, చావు ఇంటను, క్రిస్మసునాటి రాత్రియు బంధువులకు సీసా పెట్టు వాడుక మానుదుము. నెలకింత అని దాచుకొను పొదుపు సంఘము ఒకటి పెట్టుకొందము, ఏలయనగా అప్పు అను దయ్యము ఇంకను మన వీధిలోనే యున్నది. భర్త త్రాగుడువలన కన్నీరు కార్చుచున్న అమ్మ ఎవరైన గుడికి వచ్చినయెడల, ఓర్చుకొమ్మని మాత్రము చెప్పి పంపక, సంఘపెద్దలు ఇద్దరు ఆమెతో కూడ ఆ ఇంటికి పోవుదురు గాక.