పలువరుసను తీర్చిదిద్దిన ఆచార్యుడు

ఎత్తుపళ్ళు గల బాలబాలికలు నలుగురిలో నోరు విప్పి నవ్వడానికి సంకోచిస్తారు. అది విధివ్రాత అని పెద్దలు సరిపెట్టుకొనే కాలం ఒకటి ఉండేది. నేడు యువతీయువకుల పళ్ళపై కనిపించే లోహపు క్లిప్పుల వెనుక ఒక మహనీయుని జీవితకాల పరిశ్రమ ఉంది. ఆయనే డాక్టర్ ఎడ్వర్డ్ హార్ట్లీ ఏంగిల్. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఏంగిల్ 1855 జూన్ 1న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. 1878లో దంతవైద్య పట్టభద్రులయ్యారు. కొంతకాలానికి అనారోగ్యం వల్ల వృత్తిని విడిచి, మోంటానాలో గొర్రెల పెంపకం చేపట్టారు. అక్కడి దారుణమైన శీతకాలం ఆ ప్రయత్నాన్ని భగ్నం చేసింది. నష్టపోయిన ఆయన నిరాశ చెందక తిరిగి దంతవైద్యానికే వచ్చి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బోధకులయ్యారు.

ఆనాటికి వంకర పళ్ళ చికిత్సలో ఎవరి పద్ధతి వారిదే. దానికి ఒక క్రమాన్ని కల్పించినవారు ఏంగిల్. సుమారు ఆరేళ్ళ ప్రాయంలో మొలిచే పై దవడపన్నును ప్రమాణంగా గ్రహించి, 1899లో ఆయన పలువరుస లోపాలను మూడు తరగతులుగా విభజించారు. క్రింది పలువరుస వెనుకబడి ఉండడం రెండవ తరగతి. అందులో పై ముందుపళ్ళు బయటకు పొడుచుకురావడం ఒక విభాగం. అవి లోపలికి వాలి క్రింది పళ్ళను కప్పివేయడం రెండవ విభాగం. వైద్యులు నేటికీ ఈ విభజననే అనుసరిస్తున్నారు. 1900లో ఆయన సెయింట్ లూయిస్ నగరంలో ఈ శాస్త్రానికే ప్రత్యేకంగా ఒక పాఠశాలను స్థాపించారు.

1928లో, తన 73వ ఏట, ఆయన తన చివరి సాధనాన్ని శాస్త్రలోకానికి వివరించారు. ప్రతి పంటికి అమర్చిన చిన్న లోహపు బిళ్ళలోని దీర్ఘచతురస్రాకారపు గాడిలో అదే ఆకారం గల తీగ ఇమిడి ఉంటుంది. వంచిన తీగ తన పూర్వరూపానికి రావడానికి చేసే యత్నం పంటిని మెల్లగా నెడుతుంది. ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండవ వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. దవడలు ఇంకా ఎదుగుతున్న కౌమారం ఇందుకు మిక్కిలి అనుకూలం.

అయితే ఏ పంటినీ తీయరాదని, అన్ని పళ్ళూ నిలిచినప్పుడే ముఖసౌష్ఠవమని ఏంగిల్ దృఢంగా విశ్వసించారు. 1911లో కాల్విన్ కేస్ ఈ సిద్ధాంతాన్ని బహిరంగంగా ఖండించినా ఆయన పక్షం చలించలేదు. 1930 ఆగస్టు 11న ఏంగిల్ మరణించారు. ఆ తరువాత ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్లే చికిత్స చేసిన కొందరిలో పళ్ళు తిరిగి స్థానం తప్పడం గమనించారు. అట్టివారికి కొన్ని పళ్ళు తీసి, గురువు ఇచ్చిన సాధనంతోనే మళ్ళీ సరిచేశారు. నేటి వైద్యులు అందరికీ పళ్ళు తీయరు, ఎవరికీ తీయరాదని కూడా అనరు. ప్రతి రోగినీ పరీక్షించిన పిమ్మటనే నిర్ణయిస్తారు.

ఉస్తాదు పొరపాటును సరిదిద్దిన షాగిర్దు ఆయనకు ద్రోహి కాడు. ఏంగిల్ సిద్ధాంతంలో ఒక భాగం తొలగిపోయినా, ఆయన సాధనం వేలాది చిరునవ్వులలో సజీవంగా ఉంది. గురుభక్తికి, సత్యాన్వేషణకు వైరం లేదని ఈ జీవితం మనకు బోధిస్తున్నదని మేము భావిస్తున్నాము.