ఊరి సొమ్ముకి సొంత పూచీ: జార్జ్ లాన్స్‌బరీ జీవితం

సర్కారు పైకం గుడికి ఖర్చు పెట్టి గోల్కొండ బందిఖానా పాలైన రామదాసు కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. సొంతానికి వాడుకోకపోయినా లెక్క మాత్రం ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. దాదాపు అలాంటి చిక్కే ఇరవయ్యో శతాబ్దంలో లండన్‌లోని ఒక పేద పేటలో మునిసిపల్ కౌన్సిలర్లకు ఎదురైంది. వారి నాయకుడు జార్జ్ లాన్స్‌బరీ. మన కుటుంబాల నుంచి వార్డులకీ పంచాయతీలకీ నిలబడేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు కనుక ఆయన జీవితం మనం తెలుసుకోదగ్గది.

లాన్స్‌బరీ 1859 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని సఫోక్ జిల్లాలో పుట్టారు. తండ్రి రైలు మార్గాల పనుల మీద తిరిగే మనిషి. కుటుంబం లండన్ తూర్పు పేటలకు చేరాక జార్జ్ బడి చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. బొగ్గు దించే పని దాకా దొరికిన పనల్లా చేశారు. 1880లో బెస్సీ బ్రైన్‌ను పెళ్లాడారు. 1884లో మంచి బతుకు దొరుకుతుందన్న ప్రచారం నమ్మి పెళ్లాం పిల్లలతో ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ రాళ్లు కొట్టడం, కసాయిశాలలో చాకిరీ తప్ప ఏమీ దొరకలేదు. మరుసటి ఏడాదే తిరిగొచ్చి, ఆ అబద్ధపు ప్రచారం మీద సభలు పెట్టారు. ప్రజాజీవితంలో ఆయన తొలి అడుగు అదే. ఆ తర్వాత మామగారి కలప మిల్లులో పనిచేస్తూ సంసారం నెట్టుకొచ్చారు.

ఆయన స్థిరపడిన బో పేట పాప్లర్ ప్రాంతంలో ఉంది. ఈస్ట్ ఇండియా పేరు పెట్టుకున్న ఓడరేవు కూడా పాప్లర్‌లోనిదే. ఓడ వచ్చిన రోజు కూలి, రాని రోజు పస్తు. అలాంటి చోట దిక్కులేనివారి పోషణ చూసే గార్డియన్ల బోర్డుకు 1893లో లాన్స్‌బరీ ఎన్నికయ్యారు. పేదల వసతి గృహాల్లో తిండి బాగుపడింది, ఖైదీల దుస్తుల్లాంటి యూనిఫారం పోయింది. ఖర్చు పెరిగిందని 1906లో ప్రభుత్వం విచారణ వేసింది. ప్రజల పైకంతో మంచి చేసినా లెక్క అడిగేవారు ఉంటారన్న పాఠం ఆయనకు అప్పుడే తెలిసింది.

1910 చివర పార్లమెంటు సభ్యుడయ్యారు. స్త్రీలకు ఓటు హక్కు కోసం 1912లో తనంతట తానే రాజీనామా చేసి, మళ్లీ నిలబడి ఓడిపోయారు. తర్వాత డెయిలీ హెరాల్డ్ పత్రికకు సంపాదకులుగా పనిచేశారు. 1919లో పాప్లర్ కౌన్సిల్‌లోని 42 స్థానాల్లో 39 లేబర్ పార్టీకి దక్కాయి. ఆ పేటకు తొలి లేబర్ మేయరు లాన్స్‌బరీయే.

అప్పటి పద్ధతి ప్రకారం ఏ పేట పేదలను ఆ పేటే పోషించుకోవాలి. సంపన్నులుండే వెస్ట్‌మినిస్టర్‌లో పౌండుకు ఒక్క పెన్నీ పన్ను వేస్తే వచ్చే మొత్తం పాప్లర్‌లో వచ్చేదానికి ఎన్నో రెట్లు. నిరుద్యోగులు మాత్రం పాప్లర్‌లోనే ఎక్కువ. ఇది చాలదన్నట్టు లండన్ కౌంటీ కౌన్సిల్‌కు, పోలీసుకు, నీటి బోర్డుకు, ఆస్పత్రుల బోర్డుకు కూడా ప్రతి పేటా వాటా కట్టాలి. 1921లో పాప్లర్ కౌన్సిల్ ఆ వాటాల కోసం పన్ను వసూలు చేయబోమని తీర్మానించింది. జూలై 29న కౌన్సిలర్లు మేయరును ముందు పెట్టుకుని, జెండా పట్టుకుని హైకోర్టుకు నడిచి వెళ్లారు. కోర్టు ఆజ్ఞ పాటించనందుకు సెప్టెంబరులో ముప్ఫైమంది జైలుకు వెళ్లారు. మగవారిని బ్రిక్స్‌టన్‌లో, స్త్రీలను హాలోవేలో ఉంచారు. వారిలో లాన్స్‌బరీతో పాటు ఆయన కొడుకు ఎడ్గర్, కోడలు మిన్నీ కూడా ఉన్నారు.

కౌన్సిల్ సమావేశాలు జైల్లోనే జరిగాయి. ఆరు వారాల తర్వాత, అక్టోబరు 12న అందరినీ వదిలేశారు. పేదల పోషణ ఖర్చు లండన్ పేటలన్నీ పంచుకునేలా ఆ ఏడాదే చట్టం వచ్చింది. గెలుపు గెలుపే గానీ, మిన్నీ 1922 తొలి రోజున న్యుమోనియాతో చనిపోయింది. ఆమెకు 32 ఏళ్లే.

జైలు సంగతి కోర్టు ధిక్కారానికి సంబంధించింది. సొంత జేబు మీదికి వచ్చిన చిక్కు వేరే ఉంది. పాప్లర్ కౌన్సిల్ 1920లో తన పనివారందరికీ, ఆడ మగ తేడా లేకుండా, వారానికి కనీసం 4 పౌండ్ల జీతం నిర్ణయించింది. తర్వాత ధరలు బాగా తగ్గాయి. జీతం మాత్రం తగ్గించలేదు. జిల్లా ఆడిటర్ లెక్కలు చూసి, ధరలు దిగాక కూడా ఇచ్చిన అదనపు మొత్తం జీతం కాదు, దానం అని తేల్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పన్ను కట్టేవారి పైకం కౌన్సిలర్లు పంచారన్నది దాని సారం. 1921-22 సంవత్సరానికి 5,000 పౌండ్లు చెల్లని ఖర్చుగా కొట్టేసి, దాన్ని మంజూరు చేసిన సభ్యులే సొంతంగా కట్టాలని సర్‌చార్జి వేశారు.

ఇది ఆడిటర్ సొంతంగా కల్పించిన అధికారం కాదు. చట్టవిరుద్ధమైన చెల్లింపును కొట్టివేసి, అది చేసినవారి మీదో చేయించినవారి మీదో వేయాలని 1875 నాటి ప్రజారోగ్య చట్టమే చెప్పింది. డబ్బు జేబులో వేసుకున్నారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. చెయ్యెత్తి ఓటేశారా అన్నదే ప్రశ్న.

కౌన్సిలర్లు కోర్టుకెక్కారు. తాము తగునని భావించిన జీతం ఇచ్చుకోవచ్చని 1855 చట్టంలో ఉందన్నది వారి వాదన. హైకోర్టు ఆడిటర్ పక్షం చెప్పింది. అప్పీలు కోర్టు కౌన్సిలర్ల పక్షం చెప్పింది. చివరికి 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆడిటర్‌దే సరి అని తీర్పిచ్చింది. తగునని భావించడమంటే ఇష్టం వచ్చినట్టు కాదు, సబబుగా ఉండాలని, ఊరి సొమ్ముకు సభ్యులు ధర్మకర్తల వంటివారని ఆ తీర్పు సారాంశం. స్త్రీలకు సమాన వేతనం ఇవ్వాలన్న ఉత్సాహాన్ని కూడా ఒక న్యాయమూర్తి తప్పుపట్టారు. ఈనాడు చదివితే అది మనకు మింగుడుపడదు. 1927లో మరో చట్టం వచ్చి, 500 పౌండ్లకు మించి సర్‌చార్జి పడిన సభ్యుడు అయిదేళ్లు పదవికి అనర్హుడని చేర్చింది.

లాన్స్‌బరీ దారి అంతటితో ఆగలేదు. అనీబిసెంట్ అడయారు నుంచి నడిపిన స్వరాజ్య ఉద్యమంలో తయారైన కామన్వెల్త్ ఆఫ్ ఇండియా బిల్లును 1925లో పార్లమెంటులో ప్రవేశపెట్టింది ఆయనే. 1929లో మంత్రి అయి, హైడ్ పార్కు చెరువులో సామాన్యులు ఈదడానికి చోటు ఏర్పాటు చేయించారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీగారు పెద్ద హోటళ్లు వదిలి బస చేసిన కింగ్‌స్లీ హాల్ కూడా లాన్స్‌బరీ ఉండే బో పేటలోనిదే. 1932 నుంచి 1935 వరకు లేబర్ పార్టీకి నాయకత్వం వహించి, యుద్ధం కూడదన్న పట్టుదల వల్ల ఆ పదవి వదులుకున్నారు. 1940 మే 7న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

ఇంగ్లండులో సర్‌చార్జి పద్ధతి 2000 సంవత్సరపు చట్టంతో పోయింది. మన దేశంలో మాత్రం సభ్యుని నిర్లక్ష్యం వల్లగానీ దుర్వినియోగం వల్లగానీ నష్టం వస్తే అతని నుంచే రాబట్టే నిబంధనలు చాలా రాష్ట్రాల మున్సిపల్, పంచాయతీ చట్టాల్లో ఉన్నాయి. ఆడిట్ అభ్యంతరం ఏళ్ల తరబడి దస్త్రంలో పడుకుని, పదవి పోయాక తలుపు తట్టవచ్చు. గుమాస్తాగా దస్త్రాల మధ్య బతికినవాడిగా నాకు తోచేది ఒకటే. దొంగ చేత కక్కించడం న్యాయం. పేదవాడి కూలి గురించి పొరపడిన సభ్యుడినీ దొంగతో పాటు ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ చట్టం ఆ తేడా చూస్తుందని నమ్ముకుని చెయ్యెత్తకూడదు.

లాన్స్‌బరీ ఏదీ చాటుగా చేయలేదు. ఏం చేస్తున్నారో, దానికి ఏం మూల్యం పడుతుందో తెలిసే చేశారు. ఆ మూల్యంలో తన ఇంటివారి వాటా కూడా ఉంది. మన వారిలో సభ్యులైనవారు తీర్మానం పూర్తిగా చదవాలి, ఏ నిబంధన కింద ఖర్చు పెడుతున్నారో అడగాలి, ఒప్పుకోకపోతే ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించాలి. మనం కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. తెలుగు బడికో సంఘ భవనానికో స్థలమో నిధులో ఇప్పించమని మన కౌన్సిలర్‌ను అడిగేముందు, అందుకు వీలిచ్చే ఉత్తర్వు కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లాలి. మనవాడే కదా అని ఒత్తిడి చేస్తే, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది సంఘం కాదు, ఆయనా ఆయన ఇల్లూ.